తుపాకీ పట్టినవాళ్ళతో బేరం



ఈవేళ నేను ఎత్తుకున్న సంగతి వంటింటిది కాదు, పిల్లల పెంపకమూ కాదు. ఒక పెద్ద దేశం తన సైన్యాన్ని పరాయి నేల మీద దింపుతుంది. అక్కడ తిరగబడ్డవాళ్ళతో ఏళ్ళ తరబడి పోరు నడుస్తుంది. పూర్తిగా గెలిచిందీ లేదు, పూర్తిగా ఓడిందీ లేదు. చివరికి సైన్యాన్ని వెనక్కి పిలిపించుకోవాలనుకుంటుంది. అప్పుడు ఆ తిరుగుబాటుదార్లతోనే ఎదురెదురుగా కూర్చుని, "మేం ఫలానా తేదీకి వెళ్ళిపోతాం, మీరు ఫలానా విధంగా నడుచుకోండి" అని ఒడంబడిక రాసుకోవచ్చునా, కూడదా? ఇదీ ప్రశ్న.

"ఇవన్నీ మనకెందుకండీ, పెద్దవాళ్ళు చూసుకుంటారు" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. పెద్దవాళ్ళు ఎలా చూసుకున్నారో అదే చెప్పబోతున్నాను. 2020లో అమెరికా అలాటి ఒడంబడిక ఒకటి రాసుకుంది. సంతకాలై ఏడాదిన్నర దాటిందో లేదో, ఆఫ్ఘనిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి తలుపులు మూసుకుపోయాయి. నేను మెట్రిక్ దాకా చదువుకున్నదాన్ని. ఆ చదువుతోనే రేడియోలో మీతో నాలుగు మాటలు చెప్పగలుగుతున్నాను. ఆ కాగితం కథ మొదటినుంచీ తెలుసుకోవాలనిపించడానికి నాకు ఆ బడి తలుపుల సంగతి ఒక్కటీ చాలు.

తాలిబాన్ అన్న మాటకి అర్థం విద్యార్థులు అని. పేరు అలా ఉంది! 1996లో వాళ్ళు కాబూల్ నగరాన్ని పట్టుకుని 2001 దాకా ఏలారు. ఆ అయిదేళ్ళూ ఆడపిల్లలకి బడి లేదు, ఆడవాళ్ళకి ఉద్యోగం లేదు, మగతోడు లేకుండా వీధిలోకి రావడానికి లేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలడం మీకందరికీ గుర్తే. అది చేయించిన అల్ ఖైదా నాయకులు తాలిబాన్ల నీడలో ఉన్నారు గనుక, అక్టోబరు 7న అమెరికా యుద్ధం మొదలుపెట్టింది. రెండు నెలలు తిరక్కుండానే తాలిబాన్లు చెల్లాచెదురైపోయారు.

ఆ డిసెంబరులో జర్మనీలోని బాన్ నగరం దగ్గర, కొత్త ప్రభుత్వం ఎలా ఉండాలన్నదాని మీద పెద్ద సభ జరిగింది. తాలిబాన్లను పిలవలేదు. ఓడిపోయినవాళ్ళతో మాటలేమిటి అనుకున్నారు కాబోలు. వాటాల తగువులు చూసిన ఆడవాళ్ళని అడిగితే చెప్పి ఉండేవారు, ఎదుటివాడి చేతిలో ఏమీ లేనప్పుడు మాట్లాడితే రెండు ముక్కల్లో తేలిపోతుందని. పదేళ్ళు పోయి, వాడు నలుగుర్ని పోగేసుకుని, కోర్టు కాగితాలు పట్టుకొచ్చాక మాట్లాడితే అదే తగువు ఇల్లు అమ్ముకునేదాకా పోతుంది. తాలిబాన్లతో మాటలు అవసరమని అమెరికా తెలుసుకునేనాటికి వాళ్ళు మళ్ళీ కూడగట్టుకుని, సగం పల్లెల్లో పెత్తనం చేస్తున్నారు.

ఒక దశలో అక్కడ అమెరికా సైనికులు దాదాపు 1 లక్ష మంది ఉన్నారు. 20 ఏళ్ళలో వాళ్ళలో 2,400 మందికి పైగా చనిపోయారు. ఆఫ్ఘన్ ప్రభుత్వపు సైనికులూ పోలీసులూ కలిసి 60 వేలకి పైనే. మామూలు జనం 40 వేలు దాటారు. ఈ అంకెలు విని కూడా "మాటలొద్దు, యుద్ధమే చెయ్యాలి" అనగలిగినవాళ్ళు తమ పిల్లవాణ్ణి పంపినవాళ్ళయి ఉండరు. కన్నకొడుకు ఇంటికి రావాలని అమెరికాలో తల్లి కోరుకుంటే తప్పా? కాదు. మాట్లాడాలన్నది నా మటుకు నేను ఎప్పుడూ ప్రశ్నగా అనుకోలేదు. ఎవరెవరు కూర్చుని మాట్లాడారు, ఏది ముందు ఇచ్చారు, ఏది తరవాతకి వదిలారు అన్నదే ప్రశ్న.

మాటలు ఫలిస్తాయన్న ఆశ ఊరికే పుట్టలేదు. 2018 జూన్‌లో రంజాన్ పండక్కి మూడురోజులు రెండు పక్షాలూ తుపాకులు దించాయి. ఆ మూడు రోజుల్లో తాలిబాన్ కుర్రాళ్ళు పట్నాల్లోకి నడిచి వచ్చారు. నిన్నటిదాకా ఎవరిని కాల్చారో ఆ సిపాయిలనే కావిలించుకుని ఫోటోలు దిగారు. జనం వీధుల్లోకి వచ్చి చూశారు. పండగ వెళ్ళిన మర్నాడు మళ్ళీ కాల్పులు. అయినా, ఆగడమంటూ సాధ్యమేనని అందరికీ కంటికి కనిపించింది.

ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం జల్మే ఖలీల్జాద్ అనే ఆయన్ని దూతగా వేసింది. ఆయన పుట్టింది ఆఫ్ఘనిస్తాన్‌లోని మజారె షరీఫ్‌లోనే. ఆ దేశపు భాషలు వచ్చినవాడు. అవతలివైపు ముల్లా అబ్దుల్ గనీ బరాదర్. ఈయన 2010లో పాకిస్తాన్‌లో పట్టుబడి ఎనిమిదేళ్ళు నిర్బంధంలో ఉన్నాడు. మాటలాడడానికి పెద్దమనిషి ఒకడు కావాలని అమెరికాయే అడిగి విడిపించుకుంది. కూర్చున్న చోటు ఖతర్ దేశపు రాజధాని దోహా. మనవాళ్ళు ఎంతమందో ఉద్యోగాలు చేసుకుంటున్న ఊరే.

ఆ గదిలో లేనిది కాబూల్ ప్రభుత్వం. "అది అమెరికా నిలబెట్టిన బొమ్మ, దానితో మేం మాట్లాడం" అన్నది తాలిబాన్ల పట్టు. అమెరికా ఒప్పుకుంది. ఇంటి యజమానిని వీధిలో నిలబెట్టి, అద్దెకున్నవాడూ, ఇల్లు నాదేనంటూ తలుపు బాదుతున్నవాడూ కలిసి తాళాల సంగతి తేల్చుకున్నట్టయింది. మధ్యలో 2019 సెప్టెంబరులో ఒకసారి, కాబూల్ పేలుడులో అమెరికా సైనికుడు చనిపోయాడని ట్రంప్ మాటలు రద్దు చేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలయ్యాయి. ఆఖరికి 2020 ఫిబ్రవరి 29న సంతకాలు జరిగాయి. నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీ, సాంవత్సరికం జరుపుకోవడానికి కూడా వీలుకాదు.

ఆ ఒడంబడిక ఇంగ్లీషులో నాలుగే పేజీలు. ఇల్లు అద్దెకిచ్చే కాగితం కూడా ఒక్కోసారి అంతకన్నా పొడుగుంటుంది. ఎక్కడ తాలిబాన్ పేరు వచ్చినా, అమెరికా రాజ్యంగా గుర్తించని, తాలిబాన్ అని పిలవబడే ఇస్లామిక్ ఎమిరేట్ అంటూ చాంతాడంత రాశారు. గుర్తించం అంటూనే వాళ్ళు పెట్టుకున్న రాజ్యం పేరు పేజీ పేజీకీ రాసిపెట్టారన్నమాట. బయటపెట్టని అనుబంధాలు కూడా ఉన్నాయి.

అందులో అమెరికా ఇచ్చిన మాటలు చూడండి. అప్పటికి ఉన్న సుమారు 13 వేల సైన్యాన్ని 135 రోజుల్లో 8,600కి తగ్గిస్తాం. 5 స్థావరాలు ఖాళీ చేస్తాం. 14 నెలల్లో, అంటే 2021 మే 1 నాటికి, పూర్తిగా వెళ్ళిపోతాం. సైనికులే కాదు, శిక్షణ ఇచ్చేవాళ్ళు, సలహాదార్లు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు, అందరూ. కాబూల్ జైళ్ళలో ఉన్న తాలిబాన్ ఖైదీలు 5 వేల మంది దాకా విడుదలవుతారు, బదులుగా అవతలివాళ్ళ దగ్గరున్న 1,000 మంది దాకా విడుదలవుతారు. చూశారా, అన్నీ అంకెలూ తేదీలే.

ఇహ తాలిబాన్లు ఇచ్చిన మాటలు. అల్ ఖైదావంటివాళ్ళు మా నేలమీదనుంచి అమెరికాకీ దాని మిత్రులకీ ముప్పు తేకుండా చూస్తాం. తోటి ఆఫ్ఘన్లతో మార్చి 10నుంచి మాటలు మొదలుపెడతాం. మరి శాశ్వతంగా కాల్పులు ఆపడం? ఆ మాటల్లో అదీ ఒక చర్చనీయాంశంగా ఉంటుంది అని రాశారు. చర్చిస్తామన్నారే తప్ప ఆపుతామనలేదు. ఆడవాళ్ళ చదువూ, ఉద్యోగమూ, ఓటూ? నాలుగు పేజీల్లో స్త్రీ అన్న మాటే లేదు.

ఇక్కడ మీకు బాగా తెలిసిన విషయం ఒకటి. పొరుగూరి సంతకి వెళ్ళి, "ఆరుగంటల బస్సుకి నేను వెళ్ళిపోవాలయ్యా" అని ముందే చెప్పి బేరం మొదలుపెడతామా? పెడితే చీరలవాడు ఏం చేస్తాడు? ఊరికే చూస్తూ కూర్చుంటాడు. అయిదూ ముప్పావుకి అతను చెప్పిందే ధర. అమెరికా చేతిలో ఉన్న సరుకల్లా దాని సైన్యం అక్కడ ఉండడమే. అది ఎప్పుడు పోతుందో తేదీ వేసి ఇచ్చేశాక తాలిబాన్లకి మరొకరితో రాజీపడే అవసరం ఎక్కడ మిగిలింది? సైన్యం వెళ్ళడం పరిస్థితులను బట్టి ఉంటుందని అమెరికావారు సర్దిచెప్పిన మాట నిజమే. కాని కాగితంలో తేదీలున్నంత గట్టిగా షరతులు లేవు.

తాలిబాన్లు ఒక్క విషయంలో మాట నిలబెట్టుకున్నారు. సంతకాలు అయిన దగ్గర్నుంచీ పద్దెనిమిది నెలలపాటు యుద్ధంలో అమెరికా సైనికుడు ఒక్కడూ చనిపోలేదు. అదే సమయంలో ఆఫ్ఘన్ సిపాయిల మీద దాడులు పెరిగాయి. అమెరికా తన ఇంటికి మటుకు శాంతి కొనుక్కుంది, పక్కింటికి కాదు.

అన్యాయంగా మాట్లాడకూడదు గనుక కాబూల్ పెద్దల సంగతీ చెప్పాలి. ఒడంబడిక అయిన తొమ్మిది రోజులకి, మార్చి 9న, ఎన్నికల్లో నేనే గెలిచానంటే నేనే గెలిచానని అష్రఫ్ ఘనీ, అబ్దుల్లా అబ్దుల్లా ఒకే రోజున విడివిడిగా దేశాధ్యక్షులుగా ప్రమాణస్వీకారం చేశారు! ఇంటిమీదికి ముప్పు వస్తుంటే అన్నదమ్ములు పెద్దరికానికి కొట్టుకున్నట్టు. లంచాలు, జీతాల జాబితాల్లో లేని సిపాయిల పేర్లు, అవి వేరే కథ. ఖైదీల సంగతిలో నన్నెవరూ అడగలేదని ఘనీ మొదట మొరాయించాడు. మొరాయించి ఏం లాభం? నెలల తరబడి లాగి, చివరికి 5 వేల మందినీ వదిలాడు. మార్చి 10న మొదలవాల్సిన మాటలు సెప్టెంబరు 12న మొదలయ్యాయి. గడువులో ఆరు నెలలు అలా హరించుకుపోయాయి.

ఆ మాటలకి కాబూల్ పంపిన 21 మందిలో నలుగురు స్త్రీలు. అవతలివైపు ఒక్కరూ లేరు. ఈ నలుగురిలో హబీబా సరాబీ 2005లో బామియాన్‌కి గవర్నరయిన ఆవిడ, ఆ దేశంలో తొలి మహిళా గవర్నరు. ఫౌజియా కూఫీ మీద ఆగస్టులో కాబూల్ దగ్గర కాల్పులు జరిగితే చేతికి గాయమయింది. ఆ చేతికట్టుతోనే దోహాకి వచ్చి, తనని ఎన్నడూ లెక్కచెయ్యనివాళ్ళ ఎదురుగా కూర్చుంది. నాకు ఈ మొత్తం కథలో మెచ్చదగ్గ మనుషులు ఎవరయ్యా అంటే వీళ్ళే. కాని పాపం, వాళ్ళ చేతిలో బేరానికి ఏం మిగిలింది? సైన్యం వెళ్ళే తేదీ అప్పటికే రాసి ఇచ్చేశారు. ఖైదీలు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇటు కాబూల్‌లో చదువుకున్న ఆడవాళ్ళని వెతికి చంపడం మొదలయింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో పనిచేసే మహిళా న్యాయమూర్తులిద్దరిని కారులో వెళ్తుండగా కాల్చేశారు. మే నెలలో ఒక ఆడపిల్లల బడి వదిలే వేళకి బాంబులు పేలి 80 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. మేం చేశామని ఎవరూ ఒప్పుకోలేదు.

అమెరికాలో అధ్యక్షుడు మారాడు. కొత్తగా వచ్చిన బైడెన్‌కి మిగిలింది 2,500 సైన్యం, ముంచుకొస్తున్న మే 1 గడువు. ఏప్రిల్ 14న ఆయన, షరతులేం లేకుండా సెప్టెంబరు 11 లోపల అందర్నీ తీసుకువచ్చేస్తానని ప్రకటించాడు. తరవాత దాన్ని ఆగస్టు 31కి ముందుకు జరిపాడు. జూలై మొదట్లో బగ్రామ్ అనే పెద్ద విమానస్థావరాన్ని రాత్రికిరాత్రి ఖాళీ చేశారు. విమానాలు బాగుచేసే కాంట్రాక్టు మెకానిక్కులు కూడా ఒడంబడిక ప్రకారం వెళ్ళిపోయేసరికి, ఆఫ్ఘన్ వాయుసేన విమానాలు చాలా భాగం ఎగరలేక మూలపడ్డాయి. ఊరికి దూరంగా ఉన్న ఠాణాలో తిండీ మందుగుండూ అందని సిపాయి ఏమనుకుంటాడు? మా వెనకున్నవాడే శత్రువుతో చేతులు కలిపి వెళ్ళిపోయాడు, నేనెవరికోసం చావాలి అనుకుంటాడు. ఒకరి తరవాత ఒకరు తుపాకులప్పగించారు.

ఆగస్టు 6న మొదటి రాష్ట్ర రాజధాని పడిపోయింది. దాని పేరు జరంజ్. మన సరిహద్దు రోడ్ల సంస్థవారు కష్టపడి వేసి 2009లో అప్పగించిన 218 కిలోమీటర్ల రోడ్డు ఒక కొసన ఉన్న ఊరు అది. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఆగస్టు 15న, మనం జెండా పండగ చేసుకుంటూ ఉండగా, కాబూల్ తాలిబాన్ల చేతికి చిక్కింది. ఘనీ దేశం విడిచి పారిపోయాడు. విమానాశ్రయం గోడల దగ్గర పసిపిల్లల్ని చేతులమీద అందించిన దృశ్యాలు మీరూ చూసే ఉంటారు. ఆగస్టు 26న అక్కడే మూడో ముఠావాళ్ళు పేల్చిన బాంబుకి 13 మంది అమెరికా సైనికులూ, సుమారు 170 మంది ఆఫ్ఘన్లూ బలయ్యారు. 30వ తేదీ రాత్రి ఆఖరి విమానం లేచిపోయింది.

మనకి ఈ దేశంతో ఏం సంబంధం అంటారా? 2006లో హైదరాబాదుకి చెందిన ఒక టెలికాం ఇంజనీరు అక్కడ ఉద్యోగం చేస్తుండగా తాలిబాన్లు ఎత్తుకుపోయారు. భారతీయులంతా దేశం విడిచి వెళ్ళాలని గడువు పెట్టి, రెండు మూడు రోజుల్లోనే చంపేశారు. ఇక్కడ ఆయన ఇల్లు ఏమయి ఉంటుందో మీరే ఊహించుకోండి. తుపాకీ పట్టినవాళ్ళు పెట్టే గడువుల సంగతి మనకీ తెలియనిదేం కాదు.

ఒడంబడికలో మనమూ చెయ్యి కాల్చుకున్నాం. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం చేసుకున్నారు. తుపాకులు పట్టిన ఎల్‌టీటీఈ వాళ్ళు దానిమీద సంతకం చెయ్యలేదు. శాంతిసేన పేరుతో వెళ్ళిన మన సైన్యం అక్టోబరుకల్లా వాళ్ళతోనే యుద్ధంలో పడింది. దాదాపు 1,200 మంది మన సైనికులు తిరిగిరాలేదు. 1989లో తరవాతి అధ్యక్షుడు ప్రేమదాస, అదే ఎల్‌టీటీఈ, నిన్నటి శత్రువులు ఒక్కటై భారత సైన్యం వెళ్ళిపోవాలన్నారు. 1990 మార్చిలో మనవాళ్ళు వచ్చేశారు. జూన్‌లో వాళ్ళిద్దరికీ మళ్ళీ యుద్ధం. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్ళి, ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో హతుడయ్యాడు. 1993లో ప్రేమదాసనీ చంపారు. కొలంబోలో ప్రభుత్వంతో రాసుకుని తిరుగుబాటుదార్లని వదిలేశారు. దోహాలో తిరుగుబాటుదార్లతో రాసుకుని ప్రభుత్వాన్ని వదిలేశారు. ఎవరిని వదిలినా వాళ్ళ భాగం కాగితం చెల్లలేదు.

మరి అందరూ కూర్చుంటే చెల్లుతుందా? చెల్లిన చోటు ఒకటి ఉంది, ఉత్తర ఐర్లండ్. అక్కడ బ్రిటిష్ సైన్యం 1969లో వీధుల్లోకి దిగింది. ఐఆర్ఏ అనే తిరుగుబాటుదార్ల ముఠాతోనూ, వాళ్ళకి ఎదురు నిలిచిన ముఠాలతోనూ 30 ఏళ్ళ రక్తపాతం. దాదాపు 3,500 మంది పోయారు. అక్కడా ముందు రహస్యంగా, తరవాత బాహాటంగా మాటలు నడిచాయి. కాని వరస చూడండి. మొదట కాల్పులు ఆపాలి. 1996లో ఐఆర్ఏ మాట తప్పి లండన్‌లో బాంబు పేలిస్తే, వాళ్ళ పార్టీని గదిలోకి రానివ్వలేదు. 1997 జూలైలో మళ్ళీ కాల్పులు ఆపాకనే సెప్టెంబరులో కుర్చీ వేశారు. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం. మే నెలలో దాన్ని జనం ముందు ఓటుకి పెడితే ఉత్తర ఐర్లండ్‌లో 71 శాతం సరేనన్నారు. 2005లో ఐఆర్ఏ ఆయుధాలు పనికిరాకుండా చేసిందని బయటి సంఘం చూసి ధ్రువపరిచింది. సైన్యం తన పని ముగించింది ఎప్పుడనుకున్నారు? 2007 జూలై 31న. అన్నిటికన్నా చివర.

ఆ గదిలో ఆడవాళ్ళు ఎలా చేరారో అదొక ముచ్చట. 1996లో మాటలకి ప్రతినిధులని ఎన్నుకుంటామన్నారు. పార్టీల జాబితాల్లో ఎక్కువమంది మగవాళ్ళే. కొందరు స్త్రీలు కలిసి, కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ అన్న భేదం లేకుండా, కొద్ది వారాల్లో మహిళా కూటమి అని సొంత పార్టీ పెట్టేశారు. రెండు స్థానాలు గెలుచుకున్నారు. ఆ ఇద్దరు మోనికా మెక్‌విలియమ్స్, పెర్ల్ సేగర్. మొదట్లో వాళ్ళు లేచి మాట్లాడుతుంటే కొందరు పెద్దమనుషులు వెటకారాలు చేశారుట. అయినా బాధితుల పునరావాసం, పిల్లలు కలిసి చదువుకునే బళ్ళు, ప్రజాజీవితంలో స్త్రీల హక్కు, ఇవి ఒప్పందంలోకి ఎక్కాయంటే వాళ్ళ పట్టుదల కారణం.

ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌కి సొంతిల్లు, ఆఫ్ఘనిస్తాన్ అమెరికాకి పరాయిల్లు, రెంటికీ పోలికేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పరాయిల్లు గనక ఎప్పటికీ కాపలా కాస్తూ ఉండలేరు, ఎప్పుడో వెళ్ళాల్సిందే. కాని పరాయివాళ్ళు వెళ్ళే పద్ధతిలోనూ తేడా ఉంటుంది. అదే ఆఫ్ఘనిస్తాన్‌నుంచి రష్యన్లు 1989 ఫిబ్రవరి 15న వెళ్ళిపోయారు. వాళ్ళు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం ఆరునెలలు కూడా ఉండదని లోకమంతా అనుకుంది. మూడేళ్ళుంది. మాస్కోనుంచి డబ్బూ, తిండిగింజలూ, మందుగుండూ వచ్చినన్నాళ్ళూ ఉంది. 1991 చివర సోవియట్ దేశమే లేకుండా పోయాక, 1992 ఏప్రిల్లో అదీ కూలింది. సైన్యం వెళ్ళినా వెచ్చాలు ఆగకపోతే ఇల్లు నడుస్తుంది. 2021లో మెకానిక్కుల్ని కూడా తీసుకుపోయారని ఇందాక చెప్పాను చూడండి, అందుకే చెప్పాను.

నా అభిప్రాయం అడిగితే, అమెరికా మాట్లాడడం సబబే, వెళ్ళిపోవడమూ సబబే. కాని ఒక్కొక్క దళం కదలడానికి ఒక్కొక్క జరిగిన పనిని ముడిపెట్టవలసింది. కాల్పులు ఆగితే ఇంతమంది, కాబూల్‌తో రాజీ కుదిరితే ఇంతమంది, బళ్ళు నడుస్తుంటే మిగిలినవాళ్ళు. అలాగైతే తాలిబాన్లు ఒప్పుకునేవారు కాదంటారు. ఒప్పుకోకపోయి ఉండవచ్చు. ఒప్పుకోనివాళ్ళని ఒప్పుకోలేదని చెప్పేస్తే, కాబూల్‌లో ఆడపిల్లని డాక్టరీ చదివిస్తున్న తల్లి తన జాగ్రత్త తను పడేది. పద్నాలుగు నెలలపాటు అంతా సర్దుకుంటుందని ఆమెని నమ్మించారు.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే పాపం. ఆఫ్ఘనిస్తాన్ అంటే కాబూల్ ఒక్కటే కాదు. హెల్మండ్‌వంటి చోట్ల పల్లెల్లో ఇరవై ఏళ్ళూ ఆకాశంనుంచి బాంబులు, అర్ధరాత్రి తలుపులు బద్దలుకొట్టి సోదాలు, రోడ్డు కింద మందుపాతరలు. అక్కడి తల్లులకి యుద్ధం ఆగడమే మహాభాగ్యం అనిపించింది. 2021 తరవాత చావులు బాగా తగ్గిన మాట వాస్తవం. పిల్లల్ని పొలానికి పంపి భయం లేకుండా ఉండగలిగే ఆ తల్లికి, వాళ్ళలో ఆడపిల్లని ఆరో తరగతి తరవాత బడికి పంపే దారి మాత్రం లేకుండా పోయింది. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమని ఆమెని ఎవరూ అడగలేదు.

2022 మార్చి 23న ఉన్నత పాఠశాలలు తెరుస్తామన్నారు. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చి తరగతిలో కూర్చున్నాక, కొద్ది గంటల్లో ఇళ్ళకి పొమ్మన్నారు. ఆ డిసెంబరులో విశ్వవిద్యాలయాలు మూశారు. 2023లో ఆడవాళ్ళు నడుపుకునే బ్యూటీ పార్లర్లు మూయించారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని చదువులు కూడా ఆపేశారు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే వైద్యం చెయ్యాలంటారు, ఆ వైద్యం నేర్చుకోవడానికి లేదంటారు. కాన్పుకి ఎవరు రావాలో చెప్పరు. అల్ ఖైదా విషయంలో ఇచ్చిన మాట ఎంత నిలిచిందంటే, దాని నాయకుడు జవాహిరీ 2022 జూలైలో కాబూల్ నడిబొడ్డున ఒక ఇంట్లో ఉండగానే అమెరికా డ్రోన్‌కి చనిపోయాడు.

ఇప్పుడు బేరం మళ్ళీ సాగుతోంది. ఈసారి సరుకు సైన్యం కాదు, గుర్తింపు. 2024 జూన్ ఆఖరున ఐక్యరాజ్యసమితి అదే దోహాలో సభ పెట్టి తాలిబాన్లని పిలిచింది. వాళ్ళు రావాలంటే ఆఫ్ఘన్ స్త్రీలు ఆ గదిలో ఉండకూడదు. ఉంచలేదు. మర్నాడో ఎల్లుండో వాళ్ళతో విడిగా మాట్లాడారు. 2025 జూలైలో రష్యా వాళ్ళ ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆ అక్టోబరులో వాళ్ళ విదేశాంగమంత్రి మన ఢిల్లీకి వచ్చాడు. మన ప్రభుత్వం కాబూల్‌లోని కార్యాలయాన్ని మళ్ళీ పూర్తి రాయబార కార్యాలయం చేస్తామంది. పొరుగు దేశాల లెక్కలు పొరుగు దేశాలకుంటాయి, దాన్ని నేను కాదనను.

అయితే శుక్రవారంనాడు ఆయన విలేఖరుల సమావేశం పెడితే, ఒక్క మహిళా విలేఖరినీ పిలవలేదు. మన దేశంలో, మన రాజధానిలో! పత్రికలవాళ్ళు ఊరుకోలేదు, పార్లమెంటు సభ్యులూ ఊరుకోలేదు. రెండు రోజులు తిరిగేసరికి ఆదివారంనాడు ఆయనే మరో సమావేశం పెట్టాడు. ఈసారి మహిళా విలేఖరులు వచ్చి ముందు వరసలోనే కూర్చున్నారు. కూర్చుని, మీ దేశంలో ఆడపిల్లల బళ్ళ సంగతేమిటని అడిగారు.